షిఫ్టు లెక్క లేని ఆరోగ్య విధానం

నర్సులు రోడ్డెక్కిన ప్రతిసారీ ఒకటే మాట వినపడుతుంది. జీతాల కోసం ఎక్కారు, పర్మినెంట్ కోసం ఎక్కారు, రోగుల్ని గాలికొదిలేసి ఎక్కారు. మర్నాడు ఆ వార్త ఉద్యోగ సంఘాల వార్తల సరసన చేరుతుంది. చర్చలంటూ జరిగితే అవి ఆర్థిక శాఖ ఎంత ఇవ్వగలదన్న దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. ఆరోగ్య విధానం ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం మాట్లాడే విషయాలన్నీ మారిపోతాయి: జిల్లాకో మెడికల్ కాలేజీ, వెయ్యి పడకల ఆస్పత్రి, కొత్త స్కానింగ్ యంత్రాలు, ఆరోగ్యశ్రీ పరిమితి పెంపు. ఈ రెండు చర్చలూ ఎక్కడా కలవవు. నర్సుల కోర్కెలు నర్సులవనీ, రోగుల అవసరాలు రోగులవనీ, మొదటివి తీరిస్తే రెండోవాటికి డబ్బు మిగలదనీ పాలకుల్లోనూ చదువుకున్న మధ్యతరగతిలోనూ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ అభిప్రాయం తప్పు. ఒక షిఫ్టులో ఒక నర్సు చేతికింద ఎందరు రోగులున్నారన్నదాన్ని బట్టి ఆస్పత్రిలో చేరిన మనిషి ప్రాణాలతో ఇంటికి వెళ్లే అవకాశం మారుతుంది. ఇరవై ఏళ్లకు పైగా పలు దేశాల్లో జరిగిన పరిశోధన ఈ సంగతి చెబుతూనే ఉంది. ఆ లెక్కను ముట్టుకోని విధానం ఎన్ని భవనాలు కట్టినా సగం విధానమే.

తెలుగు రాష్ట్రాల్లో నర్సుల సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నవాటిని ఒకచోట పేర్చి చూస్తే అవి చెల్లాచెదురు కోర్కెలు కావని తెలుస్తుంది. రోగుల సంఖ్యకు తగినంత మంది నర్సులుండాలి. ఖాళీలను కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో కాక రెగ్యులర్ నియామకాలతో నింపాలి. ప్రైవేటు ఆస్పత్రుల్లో కనీస వేతనం అమలు కావాలి. నర్సింగ్‌కు సొంత డైరెక్టరేట్ ఉండాలి. మొదటిది మిగతా మూడింటికీ ఆధారం. తగినంత మంది నర్సులు వార్డులో ఉండాలంటే వాళ్లు ఉద్యోగంలో నిలవాలి, నిలవాలంటే భద్రత, జీతం ఉండాలి, ఇవన్నీ జరుగుతున్నాయో లేదో చూడటానికి అధికారమున్న వ్యవస్థ ఉండాలి. అందుచేత వాదమంతా ఆ మొదటి కోర్కె చుట్టూనే తిరగాలి. అది నిలిస్తే మిగతావి వాటంతటవే నిలుస్తాయి.

నర్సు పనంటే ఇంజెక్షన్ వేయడం, సెలైన్ పెట్టడం, డాక్టరు రాసింది అమలు చేయడం అనుకునేవాళ్లే ఎక్కువ. అంతకన్నా కీలకమైన పని బయటికి కనపడదు: కనిపెట్టుకుని ఉండటం. కడుపు ఆపరేషన్ అయిన మనిషిని సాయంత్రం వార్డులోకి తెస్తారనుకుందాం. సర్జన్ చూసి వెళ్తారు. రాత్రి పదింటికి పల్స్ 88. పన్నెండింటికి 104. ఒంటిగంటకు 118, ఊపిరి తీసే వేగం పెరిగింది, యూరిన్ బ్యాగులో చేరింది చాలా తక్కువ. మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు, బీపీ ఇంకా పడిపోలేదు. లోపల రక్తం కారుతూ ఉండవచ్చు, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకుతూ ఉండవచ్చు. ఈ దశలో పట్టుకుంటే మనిషి దక్కే అవకాశం ఎక్కువ. బీపీ పడిపోయాక పట్టుకుంటే ఆ అవకాశం వేగంగా తగ్గిపోతుంది. మూడు వేళల్లో ఆ అంకెలు తీసి, చార్టులో వేసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసి, డ్యూటీ డాక్టర్ను పిలిపించగలిగేది ఆ వేళకు వార్డులో ఉన్న నర్సు మాత్రమే. అదే వార్డులో నలభై మంది రోగులకు ఒక్కరే నర్సు ఉన్నారనుకోండి. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా నైట్ డ్యూటీ అంటే 720 నిమిషాలు. తలకు 18 నిమిషాలు. మందులు, ఇంజెక్షన్లు, సెలైన్ బాటిళ్లు మార్చడం, కొత్త అడ్మిషన్లు, కేస్ షీట్లు, రిజిస్టర్లు అన్నీ ఆ 18 నిమిషాల్లోనే. పల్స్ 104 అయిన సంగతి చార్టులోకి ఎక్కదు. తెల్లవారాక కేస్ షీట్‌లో రాసే మరణ కారణంలో నర్సుల కొరత అన్న మాట ఉండదు.

ఇది ఊహ కాదని చెప్పడానికి గట్టి ఆధారాలున్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన లిండా ఐకెన్ బృందం 168 ఆస్పత్రుల్లో శస్త్రచికిత్స చేయించుకున్న 2,32,342 మంది రోగుల వివరాలనూ, 10,184 మంది నర్సుల సమాధానాలనూ పరిశీలించి 2002లో ఆ దేశపు వైద్యుల సంఘం జర్నల్లో ఫలితాలు ప్రచురించింది. ఒక్కో నర్సుకు సగటున ఒక్కో రోగి పెరిగినకొద్దీ, చేరిన 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. నర్సుకు నలుగురు రోగులున్న ఆస్పత్రితో పోలిస్తే ఎనిమిది మంది ఉన్న ఆస్పత్రిలో ఆ అవకాశం 31 శాతం ఎక్కువని తేలింది. పన్నెండేళ్ల తర్వాత, 2014లో, తొమ్మిది ఐరోపా దేశాల్లోని 300 ఆస్పత్రులను, 4,22,730 మంది రోగులను తీసుకుని చేసిన అధ్యయనం లాన్సెట్ పత్రికలో వచ్చింది. దేశాలు వేరు, ఆస్పత్రుల యాజమాన్యాలు వేరు, వైద్యానికి డబ్బు కట్టే పద్ధతులు వేరు. అక్కడా అదే 7 శాతం. నర్సుల్లో డిగ్రీ చదివినవారి వాటా పది శాతం పెరిగితే మరణించే అవకాశం మరో 7 శాతం తగ్గుతుందన్నది ఆ అధ్యయనంలో అదనంగా తేలిన విషయం. ఒక కొత్త మందు ఈ స్థాయిలో మరణాలను తగ్గించి ఉంటే ప్రభుత్వాలు దాన్ని కొనడానికి పోటీపడేవి.

దీనికి చదువుకున్నవారి నుంచి వచ్చే మొదటి అభ్యంతరం సబబైనదే. నర్సులు ఎక్కువున్న ఆస్పత్రుల్లో డబ్బూ ఎక్కువే ఉంటుంది, మంచి డాక్టర్లూ ఉంటారు, మంచి యంత్రాలూ ఉంటాయి. మరణాలు తగ్గడానికి నర్సులే కారణమని ఎలా అంటారు? పై అధ్యయనాలు ఆస్పత్రి పరిమాణం, సాంకేతికత, రోగి జబ్బు తీవ్రత లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాయి. అయినా వేర్వేరు ఆస్పత్రుల పోలికకన్నా ఒకే ఆస్పత్రిని మార్పుకు ముందూ తర్వాతా చూడటం మెరుగైన పరీక్ష. ఆ పరీక్ష ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో జరిగింది. ఎంపిక చేసిన ప్రభుత్వ ఆస్పత్రుల్లో పగటి షిఫ్టుల్లో నలుగురు రోగులకు ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు నర్సు ఉండాలన్న చట్టాన్ని అక్కడి ప్రభుత్వం 2016 జూలైలో అమల్లోకి తెచ్చింది. చట్టం వర్తించిన 27 ఆస్పత్రులనూ, వర్తించని 28 ఆస్పత్రులనూ ముందూ తర్వాతా పోల్చిన అధ్యయనం 2021లో లాన్సెట్‌లో వెలువడింది. చట్టం వర్తించినచోట నర్సు మీద భారం తగ్గింది. ఆ భారం ఒక్కో రోగి చొప్పున తగ్గినకొద్దీ మరణాలు, ఇంటికెళ్లి మళ్లీ చేరాల్సి రావడం, ఆస్పత్రిలో ఉండే రోజులు అన్నీ తగ్గాయి. ఈ రకం చట్టం మొదట తెచ్చిన కాలిఫోర్నియా విషయంలో పరిశోధకులందరూ ఏకాభిప్రాయానికి రాలేదన్నది నిజం. అక్కడి ఆస్పత్రుల స్థాయిలో నర్సులుండి ఉంటే న్యూజెర్సీలో 13.9 శాతం, పెన్సిల్వేనియాలో 10.6 శాతం శస్త్రచికిత్స మరణాలు తగ్గేవని ఐకెన్ బృందం 2010లో అంచనా వేసింది. చట్టం వల్లే నాణ్యత పెరిగిందనడానికి తగిన ఆధారం దొరకలేదని మరికొందరు ఆర్థికవేత్తలు రాశారు. క్వీన్స్‌లాండ్ అధ్యయనానికి విలువ అందుకే ఎక్కువ: ఆ సందేహాన్ని తీర్చే పద్ధతిలోనే దాన్ని చేశారు.

రెండో అభ్యంతరం మన నేల మీద పుట్టింది. అవన్నీ ధనిక దేశాల లెక్కలు, మన ఆస్పత్రిలో ప్రతి రోగి వెంటా ఒక అటెండెంట్ ఉంటాడు, తినిపించడం, ఒళ్లు తుడవడం, బాత్రూముకు తీసుకెళ్లడం అన్నీ ఇంటివాళ్లే చూసుకుంటారు, కాబట్టి మనకు అంతమంది నర్సులు అక్కర్లేదు అంటారు. ఇంటివాళ్లు చేసేది పెద్ద సేవే. కానీ వాళ్లు చేయగలిగిన పని ఏదో, చేయలేనిది ఏదో విడదీసి చూడాలి. పల్స్ 88 నుంచి 118కి పోతే దాని అర్థమేమిటో అన్నకో చెల్లెలికో తెలియదు. రెండు ఇంజెక్షన్లు ఒకే రంగు సీసాల్లో ఉంటే ఏది ఎవరిదో వాళ్లు గుర్తుపట్టలేరు. కాన్పు అయిన గంటలో రక్తస్రావం మామూలు స్థాయిని దాటిందా లేదా అన్నది ఆరితేరిన కళ్లకే తెలుస్తుంది. పైగా అటెండెంట్ ఉచితంగా వచ్చిన మనిషి కాదు. పదిరోజుల కూలి పోగొట్టుకుని ఆస్పత్రి వరండాలో పడుకున్న మనిషి. ఆ ఖర్చు ప్రభుత్వ పద్దుల్లో కనపడదు గనక లేదనుకుంటున్నాం. వెంట ఎవరూ రాలేని ముసలివాళ్ల గతి ఏమిటన్న ప్రశ్నకు ఈ వాదంలో జవాబే లేదు. మన వార్డుల్లో రోగులు ఎక్కువ, జబ్బు ముదిరాక వచ్చేవాళ్లు ఎక్కువ. కనిపెట్టుకుని చూసే కళ్ల అవసరం ఇక్కడ ఎక్కువే గాని తక్కువ కాదు.

మనకూ నిబంధనలున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, కానీ వాటిలోని అంకెను జాగ్రత్తగా చదవాలి. బోధనాసుపత్రుల్లో మూడు పడకలకు ఒక నర్సు, సాధారణ ఆస్పత్రుల్లో ఐదు పడకలకు ఒక నర్సు, సెలవుల కోసం మరో 30 శాతం అన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. పైకి చూస్తే ఇది క్వీన్స్‌లాండ్ కన్నా ఉదారంగా కనిపిస్తుంది. కానీ ఇది పోస్టుల లెక్క, వార్డులో నిలబడి ఉన్నవారి లెక్క కాదు. ఏడాదికి 8,760 గంటలు. వారానికి 48 గంటలు పనిచేసే నర్సు సెలవులు, పండగలు పోను ఏడాదిలో దాదాపు 45 వారాలు డ్యూటీలో ఉంటే 2,160 గంటలవుతుంది. అంటే రాత్రింబవళ్లు ఒక నర్సు వార్డులో ఉండాలంటే నలుగురికి పైగా నర్సుల్ని నియమించాలి. నలభై పడకల బోధనాసుపత్రి వార్డుకు ప్రమాణం ప్రకారం పదమూడు పోస్టులు, 30 శాతం కలిపితే పదిహేడు. ఆ పదిహేడూ ఒక్క ఖాళీ లేకుండా నిండినా ఏ వేళకైనా వార్డులో ఉండేది నలుగురు. అంటే తొమ్మిది, పది మంది రోగులకు ఒకరు. సాధారణ ఆస్పత్రి వార్డులో అదే లెక్క పదిహేను, పదహారు మంది రోగులకు ఒకరని తేలుతుంది. ప్రమాణాన్ని అక్షరాలా పాటించినా మనం కాలిఫోర్నియా జనరల్ వార్డు పరిమితి అయిన ఐదుగురికి ఒకరు అన్నదానికి రెండు, మూడు రెట్ల దూరంలో ఉన్నాం. ఇక పోస్టులు ఖాళీగా ఉంటే, ఉన్నవాళ్లలో కొందరిని డిప్యుటేషన్ మీద వేరేచోటికి పంపితే, నలభై పడకల వార్డులో అరవై మందిని చేర్చుకుంటే ఆ దూరం ఎంత పెరుగుతుందో ఎవరికి వారే లెక్కవేసుకోవచ్చు.

ఇక్కడే మన ఆరోగ్య విధానం మౌలికంగా దారి తప్పింది. మనం పడకలను మంజూరు చేస్తాం, సీట్లను మంజూరు చేస్తాం, పోస్టులను మంజూరు చేస్తాం. షిఫ్టులో ఎందరుండాలన్నది మాత్రం ఆస్పత్రిలో ఉన్నవాళ్లు ఎలాగోలా సర్దుకోవాల్సిన విషయంగా వదిలేస్తాం. తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఐదు మొదలయ్యాయి. జిల్లాల్లో పెద్దాసుపత్రులు రావడం మంచిదే, అది ఎవరూ కాదనరు. కానీ కాలేజీకి అనుమతి వచ్చిందా, ఎన్ని సీట్లు వచ్చాయి అని అడిగిన చట్టసభల్లో ఆ ఆస్పత్రి వార్డులో రాత్రి రెండింటికి ఎందరు నర్సులుంటారని అడిగిన గొంతులు అరుదు. రోగం నయం చేసేది డాక్టరని, నర్సు సాయం మాత్రమే చేస్తుందని అనుకునే సమాజం ఆ ప్రశ్న అడగదు. డాక్టరు రోగి దగ్గర గడిపేది నిమిషాలు. మిగతా సమయమంతా రోగిని చూసే బాధ్యత నర్సులదే.

డబ్బెక్కడిది అన్నది అందరికన్నా గట్టిగా వినిపించే అభ్యంతరం. క్వీన్స్‌లాండ్‌లో అదనపు నర్సుల మీద పెట్టిన ఖర్చుకు రెట్టింపు కన్నా ఎక్కువ, రోగులు త్వరగా ఇంటికెళ్లడం వల్లా, మళ్లీ చేరాల్సిన అవసరం తగ్గడం వల్లా మిగిలిందని అధ్యయనం తేల్చింది. మన దగ్గర జీతాలు వేరు, పడక ఖర్చు వేరు కాబట్టి మనకూ అంతే మిగులుతుందని చెప్పలేం. కానీ ఖర్చు ఒకవైపే ఉంటుందన్న వాదన తప్పని మాత్రం చెప్పగలం. పడకపుండు పడిన రోగి వారాల తరబడి వార్డులో ఉంటాడు. ఆపరేషన్ గాయానికి చీము పట్టిన రోగికి ఖరీదైన యాంటీబయాటిక్స్ వాడాలి. సకాలంలో పట్టుకోని రక్తస్రావం ఐసీయూకు దారితీస్తుంది. వీటన్నిటికీ ప్రభుత్వమే డబ్బు కడుతోంది, మందుల పద్దు కిందో ఆరోగ్యశ్రీ పద్దు కిందో. ఆ ఖర్చు నర్సుల కొరత వల్ల వచ్చిందని ఏ పద్దులోనూ రాసి ఉండదు కాబట్టి నర్సు జీతమొక్కటే భారంగా కనిపిస్తుంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి కేటాయించాలని, అది 2020 నాటికి జరగాలని చెప్పింది. ఆ లక్ష్యాన్ని పక్కనపెట్టి, నర్సులడిగినప్పుడు మాత్రమే ఖజానా ఖాళీ అనడం న్యాయం కాదు.

అసలు నర్సులే దొరకడం లేదు, పోస్టులిచ్చినా ఎవరొస్తారు అని మరికొందరంటారు. తెలంగాణలో 2022 చివర్లో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే దాదాపు 40 వేల మంది దరఖాస్తు చేశారు. పోస్టుల సంఖ్య పెంచి, 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడు వేల మందికి నియామక పత్రాలిచ్చారు. పోస్టులు పెంచాక కూడా ఒక్కోదానికి ఐదారుగురు పోటీపడిన చోట మనుషులు లేరనడం కుదరదు. స్వాతంత్ర్యానికి ముందు 1946లో భోర్ కమిటీ దేశంలో 43 వేల మందికి ఒక నర్సు ఉన్నారని లెక్కగట్టి, 1971 నాటికి ఐదు వందల మందికి ఒకరు ఉండాలని లక్ష్యం పెట్టింది. ఇప్పుడు 476 మందికి ఒక నర్సు ఉన్నారని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెబుతోంది. ఆ సంఖ్య రిజిస్ట్రేషన్ల నుంచి వచ్చింది. విదేశాలకు వెళ్లినవారు, పెళ్లయ్యాక మానేసినవారు, వేరే పని వెతుక్కున్నవారు అందులో కలిసే ఉంటారు. అంటే శిక్షణ పొందినవారు ఉన్నారు, వార్డులో లేరు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే జర్మనీ, జపాన్ ఆస్పత్రుల కోసం నర్సులకు శిక్షణ ఇచ్చి పంపుతోంది. బయటికి వెళ్లాలనుకునేవారికి అది మంచి అవకాశమే, దాన్ని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. కానీ ఇక్కడ నిలవడానికి తగిన ఉద్యోగం చూపించకుండా, వెళ్లినవారిని లెక్కించి కొరత అని పేరు పెట్టడం సమస్యను తలకిందులు చేయడం. జీతం, భద్రత, పని భారం బాగుపడితే మానేసినవారిలో చాలామంది తిరిగి వస్తారు.

ఉద్యోగ భద్రత రోగికి సంబంధించిన విషయం ఎలా అవుతుందో ఇక్కడే చెప్పాలి. కోవిడ్ మొదలైనప్పుడు ఔట్‌సోర్సింగ్ మీద తీసుకున్న నర్సుల్లో 1,600 మందికి పైగా 2021 జూలైలో తెలంగాణలో ఉద్యోగాలు కోల్పోయి నిరసనకు దిగారు. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని బోర్లా పడుకోబెట్టడం, ఆక్సిజన్ స్థాయి పడిపోతే ముందుగా ఏం చేయాలో నేర్చుకోవడం పుస్తకంలో అబ్బే విద్య కాదు. ఏడాదిపాటు చేతులు అలవాటు చేసుకున్న ఆ నైపుణ్యం వాళ్లతోపాటే వెళ్లిపోయింది. నవజాత శిశువుల ఐసీయూలోనూ, డయాలిసిస్‌లోనూ ఇదే కథ. ఆరు నెలలకోసారి కొత్తవాళ్లు వచ్చే వార్డులో అనుభవం పోగుపడదు. దీనికి మించిన ప్రమాదం ఒకటుంది: వచ్చే నెల రెన్యువల్ ఉంటుందో లేదో తెలియని నర్సు డాక్టరు రాసిన డోసు తప్పని అనుమానం వచ్చినా నోరు తెరవడానికి వెనకాడుతుంది. అడిగే ధైర్యం ఉన్న నర్సు రోగికి చివరి రక్షణ. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ క్లినిక్కుల భారమంతా మోస్తున్న మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు (ఎంఎల్‌హెచ్‌పీలు), బీఎస్సీ నర్సింగ్ చదివినవారు, కాంట్రాక్టు మీదే పనిచేస్తూ 2025లో జీతం, సర్వీసు భద్రత అడుగుతూ సమ్మెకు దిగారు. ఊళ్లో షుగర్, బీపీ ఉన్నవాళ్లను నెలనెలా పిలిచి చూసేది వాళ్లే. ఈ జబ్బుల్లో ఒకే మనిషి ఏళ్ల తరబడి చూడటమే సగం వైద్యం. ఆ మనిషిని తాత్కాలికంగా ఉంచడం ఊరి ఆరోగ్యాన్ని తాత్కాలికం చేయడమే.

ప్రైవేటు ఆస్పత్రుల సంగతి ప్రభుత్వ విధానానికి బయట ఉందనుకోకూడదు. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన కేసులో 2016 జనవరి 29న సుప్రీంకోర్టు నిపుణుల కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రుల్లో జీతం ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలని, 100 దాటినచోట 10 శాతానికి మించి, 50 నుంచి 100 మధ్య 25 శాతానికి మించి తగ్గకూడదని, 50 పడకల లోపు ఉన్నా నెలకు 20 వేల రూపాయలకు తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. ఆరోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉంది కాబట్టి అమలు రాష్ట్రాల చేతిలో పడింది. కేరళలో 2017లో నర్సుల ఉద్యమం తర్వాత, 2018లో ప్రభుత్వం కనీస వేతనాల నోటిఫికేషన్ ఇచ్చింది. చేయాలనుకుంటే చేయవచ్చని ఒక రాష్ట్రం చూపించింది. మన రెండు ప్రభుత్వాల చేతిలో అంతకన్నా బలమైన పట్టు ఉంది: ఆరోగ్యశ్రీ తరహా పథకాలు. ప్రైవేటు వైద్యాన్ని ఇంత పెద్ద ఎత్తున కొనే ప్రభుత్వం, తన డబ్బు తీసుకునే ఆస్పత్రి ప్రతి షిఫ్టులో ఎందరు అర్హులైన నర్సుల్ని ఉంచాలో, వారికి ఎంత జీతమివ్వాలో ఒప్పందంలో రాయవచ్చు. ఆపరేషన్‌కు ప్యాకేజీ ధర నిర్ణయించే అధికారం ఉన్నవారికి, ఆపరేషన్ తర్వాత రోగిని ఎవరు చూడాలో నిర్ణయించే అధికారం కూడా ఉంది.

చట్టంలో అంకె పెడితే ఆస్పత్రి చేతులు కట్టేసినట్టవుతుందని, వార్డు వార్డుకూ అవసరం మారుతుందని, చిన్న ఊళ్ల నర్సింగ్ హోములు మూతపడతాయని యాజమాన్యాలంటాయి. వార్డు వార్డుకూ అవసరం మారుతుందన్నది నిజం. అందుకే కాలిఫోర్నియా చట్టం ఐసీయూలో ఇద్దరికి ఒకరు, ఎమర్జెన్సీలో నలుగురికి ఒకరు, జనరల్ వార్డులో ఐదుగురికి ఒకరు అని విడివిడిగా చెప్పింది. ఆ అంకె కనిష్ఠ పరిమితి. జబ్బు తీవ్రతను బట్టి పెంచుకునే స్వేచ్ఛ ఆస్పత్రికి ఉంటుంది, తగ్గించే స్వేచ్ఛ మాత్రం ఉండదు. అక్కడ చట్టం 1999లో చేసి 2004లో అమలు మొదలుపెట్టారు. మనమూ పెద్దాసుపత్రులతో, ఐసీయూలతో, కాన్పు వార్డులతో మొదలుపెట్టి చిన్నవాటికి గడువివ్వవచ్చు. కాలిఫోర్నియాలోనూ ఆస్పత్రులు మూతపడతాయని, తక్కువ చదివినవాళ్లతో నింపేస్తారని హెచ్చరించారు. కొన్ని ఆస్పత్రుల లాభాలు తగ్గాయి. నర్సుల అర్హత స్థాయి మాత్రం తగ్గలేదని తర్వాతి పరిశోధన తేల్చింది. ఒక నర్సింగ్ హోము తన రోగులకు సరిపడా నర్సుల్ని పెట్టుకుంటే నడవలేనంటే, అది ఇన్నాళ్లూ రోగుల భద్రతను తగ్గించి నడిచిందని అర్థం.

చివరికి మిగిలేది నైతికమైన ఆరోపణ: ఇదంతా సొంత లాభం కోసమని, సేవా వృత్తిలో ఉన్నవాళ్లు కోర్కెలు అడగకూడదని. నర్సులకు తక్కువ మంది రోగులుంటే వాళ్లకూ సుఖమే, నిజమే. కానీ ఒక కోర్కె వల్ల అడిగినవారికి లాభం కలిగినంత మాత్రాన మిగతావారికి నష్టమని తీర్మానించలేం. ఇక్కడ ఇద్దరి లాభమూ ఒకే అంకె మీద ఆధారపడి ఉందని పైన చూపిన ఆధారాలన్నీ చెబుతున్నాయి. సమ్మె రోజు ఆస్పత్రిలో రోగులు ఇబ్బందిపడతారు, ఆ ఇబ్బందిని తక్కువ చేసి చెప్పకూడదు. ఎమర్జెన్సీ, ఐసీయూ సేవలు ఆపకుండా నిరసన తెలిపే బాధ్యత సంఘాల మీద ఉంది. అయితే ఒక రోజు వార్డులో నర్సులు లేకపోతే ప్రమాదమని గుర్తించినవారు, మిగతా 364 రోజులూ చాలినంతమంది లేకపోవడం కూడా ప్రమాదమేనని ఒప్పుకోవాలి. ఏటా మే 12న ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు చెప్పి నర్సులకు పూలదండలు వేస్తారు. ఆ నైటింగేల్ సైనికాసుపత్రుల్లో చావుల్ని లెక్కించి, పటాలు గీసి, ప్రభుత్వ విధానాన్ని మార్పించిన మనిషి. 1858లో లండన్ గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. మన నర్సులు అడుగుతున్నదీ ఆ లెక్కే. దండలు తీసుకోవడానికి తగినవారు లెక్క అడగడానికీ తగినవారే.

అందుచేత విధానం రాసేచోట నర్సులుండాలి. డాక్టర్ల పాలనలో ఒక విభాగంగా కాక, బడ్జెట్, బదిలీలు, నియామకాల మీద అధికారమున్న నర్సింగ్ డైరెక్టరేట్ రెండు రాష్ట్రాల్లోనూ ఏర్పడాలి. పోస్టుల ప్రమాణాన్ని షిఫ్టు ప్రమాణంగా మార్చి చట్టంలో పెట్టాలి. ఐసీయూ, కాన్పు, శస్త్రచికిత్స వార్డులతో మొదలుపెట్టి గడువు తేదీలు ప్రకటించాలి. పోస్టులను మంజూరైన పడకల మీద కాక, నిజంగా చేరుతున్న రోగుల సంఖ్య మీద లెక్కగట్టాలి. నోటిఫికేషన్లు ఎన్నికల ముందు ఒకసారి కాక, ఏటా ఖాళీలను బట్టి రావాలి. ఆరోగ్యశ్రీ ఒప్పందాల్లో నర్సుల సంఖ్య, వేతనం షరతులు కావాలి. అన్నిటికన్నా ముందు, ఖర్చు దాదాపు లేని పని ఒకటుంది: ప్రతి వార్డు బయటా ఈ షిఫ్టులో ఎందరు రోగులు, ఎందరు నర్సులు అన్నది బోర్డు మీద రాయాలి, ఆ వివరాలు నెలనెలా ప్రజల ముందు పెట్టాలి. ఆ అంకె బయటికి వచ్చిన రోజున, నర్సుల డిమాండ్లు ఎవరివన్న వివాదానికి తావుండదు. ఆస్పత్రిలో తన తల్లిని చేర్చిన ప్రతి మనిషీ ఆ బోర్డు చదువుతాడు. ఎమ్మెల్యేను ఎన్ని పడకలు తెచ్చావని అడిగినట్టే, రాత్రి డ్యూటీలో ఎందరిని ఉంచావని కూడా అడుగుతాడు. ఆ ప్రశ్న ఇన్నాళ్లూ నర్సులే ఒంటరిగా అడిగారు. దానికి జవాబు రావాల్సింది రోగుల కోసం కాబట్టి, ఇక మనమందరం అడగాలి.